ఎంబీఏ క్లాస్ ప్రొఫైల్: ఒక్కో అంకె ఎప్పుడు పుట్టింది, ఎందుకు పుట్టింది?

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది ఒక్క పేజీ గురించి. అమెరికాలోనో యూరప్‌లోనో ఎంబీఏ చేద్దామనుకునే ప్రతి ఒక్కరూ ముందుగా తెరిచి చూసే పేజీ. క్లాస్ ప్రొఫైల్ అంటారు దాన్ని. ఈ ఏడాది చేరినవాళ్లు ఎంతమంది, వాళ్ల జీమ్యాట్ స్కోరు ఎంత, ఆడవాళ్లు ఎంత శాతం, విదేశీయులు ఎంత శాతం, సగటున ఎన్నేళ్ల ఉద్యోగానుభవం ఉంది, ఇలా ఓ పది పన్నెండు అంకెలు ఉంటాయి అందులో.

మనవాళ్లు ఈ పేజీని ఎలా చదువుతారో నాకు బాగా తెలుసు. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో గతేడాది చివరి ర్యాంకు ఎంత అని చూసుకున్నట్టు చదువుతారు. అది మన తప్పు కాదండి, మనం పెరిగిన పద్ధతే అది. ఇక్కడ ఎంబీఏ సీటు కావాలంటే ఐసెట్ రాస్తాం, ర్యాంకు వస్తుంది, ఏ కాలేజీలో ఏ కేటగిరీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో లిస్టు ఉంటుంది. మన ర్యాంకు అంతకంటే మెరుగ్గా ఉంటే సీటు వస్తుందని ధైర్యంగా ఉండొచ్చు. అదే కళ్లతో హార్వర్డ్ పేజీ తెరిచి, "మీడియన్ 740, నాకు 750 వచ్చింది, కాబట్టి నేను లోపలికి వెళ్లినట్టే" అనుకుంటారు. లేదా "నాకు 690, ఇక లాభం లేదు" అని అక్కడితో వదిలేస్తారు. రెండూ పొరపాటు లెక్కలే. ఎందుకు పొరపాటో తెలియాలంటే ఈ అంకెలు ఎక్కడినుంచి వచ్చాయో, వాటిని ఎవరు ఎవరికోసం లెక్కపెట్టడం మొదలుపెట్టారో చూడాలి. అందుకే ఈ రోజు కాస్త చరిత్రలోకి వెళ్దాం.

మొదట్లో అసలు ఈ పేజీ అవసరమే లేదు. 1881లో జోసెఫ్ వార్టన్ అనే పారిశ్రామికవేత్త ఇచ్చిన డబ్బుతో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో వార్టన్ స్కూల్ మొదలైంది. అమెరికా యూనివర్సిటీల్లో వ్యాపారాన్ని ఒక చదువుగా నిలబెట్టిన మొదటి స్కూలు అదే. అయితే అక్కడ చెప్పింది డిగ్రీ స్థాయి చదువు. డిగ్రీ అయ్యాక చదివే స్థాయిలో 1900లో డార్ట్‌మత్ కాలేజీలో టక్ స్కూల్ వచ్చింది. ఎంబీఏ అనే పేరుతో కోర్సు మొదలైంది మాత్రం 1908లో, హార్వర్డ్‌లో. ఎడ్విన్ గే అనే ఆర్థిక చరిత్రకారుడు మొదటి డీన్. మొదటి ఏడాది విద్యార్థులు వందమంది కూడా లేరు. అంతమందికి సగటు ఎందుకు, శాతాలు ఎందుకు? ఆ రోజుల్లో యూనివర్సిటీ కేటలాగులో విద్యార్థుల పేర్లు, వాళ్ల ఊళ్లు వరసగా అచ్చువేసేవాళ్లు. కావాలంటే అదే అప్పటి క్లాస్ ప్రొఫైల్ అనుకోండి. మంచి కాలేజీలో డిగ్రీ ఉండాలి, ఫీజు కట్టగలగాలి, మగవాడై ఉండాలి. మూడోది నిబంధనగా అరిచి చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు.

మార్పు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువుకి ప్రభుత్వమే డబ్బు ఇచ్చేలా 1944లో అమెరికా ఒక చట్టం చేసింది, జీఐ బిల్ అంటారు. దాంతో కాలేజీలకి జనం పోటెత్తారు. డిగ్రీలు చేసి బిజినెస్ స్కూళ్ల తలుపు తట్టేవాళ్లూ పెరిగారు. ఎక్కడెక్కడి కాలేజీలవాళ్లో వస్తున్నారు. ఒక కాలేజీలో వచ్చిన ఏ గ్రేడూ, ఇంకో కాలేజీలో వచ్చిన ఏ గ్రేడూ ఒకటేనా? తేల్చేదెలా? 1953లో తొమ్మిది బిజినెస్ స్కూళ్లు కలిసి కూర్చున్నాయి. అందరికీ ఒకే పరీక్ష పెడదాం అనుకున్నాయి. 1954లో మొదటిసారి ఆ పరీక్ష పెట్టారు. మొదటి ఏడాది రాసినవి మొత్తం రెండు వేల పైచిలుకు మాత్రమే. అప్పట్లో దాని పేరు వేరు. జీమ్యాట్ అనే పేరు 1976లో వచ్చింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గుర్తుపెట్టుకోండి. ఆ పరీక్షని తయారుచేసింది ఒక చిన్న పనికోసం. ఈ కుర్రాడు మా దగ్గర చేరితే మొదటి ఏడాది సబ్జెక్టులు నెట్టుకురాగలడా లేదా అని అంచనా వేయడానికి. అంతే. గొప్ప మేనేజర్ అవుతాడా, కంపెనీ పెడతాడా, ఇవేవీ అది కొలవదు, కొలుస్తానని చెప్పుకోలేదు కూడా. అంటే జీమ్యాట్ అంకె పుట్టినప్పుడు అది స్కూలు లోపల ఫైల్లో ఉండే అంకె. ఆఫీసువాళ్ల పనిముట్టు. బయట బోర్డు మీద రాయడానికి పుట్టింది కాదు.

1959లో ఇంకో దెబ్బ తగిలింది. ఫోర్డ్ ఫౌండేషన్ ఒకటి, కార్నెగీ కార్పొరేషన్ ఒకటి, రెండు పెద్ద నివేదికలు ఒకే ఏడాది వచ్చాయి. రెండూ బిజినెస్ స్కూళ్లని కడిగిపారేశాయి. పాఠాల్లో పస లేదు, చేరే విద్యార్థుల స్థాయి తక్కువ, పరిశోధన లేదు అని. దాంతో స్కూళ్లకి "మా విద్యార్థులు చురుకైనవాళ్లే" అని నిరూపించుకోవాల్సిన అవసరం వచ్చింది. చేతిలో రెడీగా ఒక అంకె ఉంది కదా, పరీక్ష స్కోరు. నెమ్మదిగా ఫైల్లోంచి అది బయటకి రావడానికి దారి పడింది. అన్నట్టు, అదే ఫోర్డ్ ఫౌండేషన్ 1961లో మన దేశంలో మొదలైన కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలకి కూడా అండగా నిలబడింది. కలకత్తాకి ఎంఐటీ వాళ్ల స్లోన్ స్కూలు, అహ్మదాబాద్‌కి హార్వర్డ్ సాయం చేశాయి.

ఇప్పుడు రెండో అంకెకి వద్దాం. ఆడవాళ్ల శాతం. హార్వర్డ్‌లో ఆడవాళ్లకి 1937 నుంచి ర్యాడ్‌క్లిఫ్ కాలేజీ పేరున విడిగా ఒక ఏడాది కోర్సు ఉండేది. అక్కడికి వెళ్లి పాఠం చెప్పింది హార్వర్డ్ మాస్టార్లే, కానీ ఎంబీఏ పట్టా మాత్రం లేదు. 1963లో మొదటిసారి ఎనిమిది మంది ఆడపిల్లలు రెండేళ్ల ఎంబీఏలో మొదటి ఏడాదిలో చేరారు. వందల మంది మగవాళ్ల మధ్య ఎనిమిది మంది! స్కూలు మొదలైన 55 ఏళ్లకి. ఆ ఎనిమిదిని శాతంలోకి మారిస్తే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, కాబట్టి ఎవరూ మార్చి చూపించలేదు. ఎప్పుడైతే చెప్పుకోదగ్గ అంకె వచ్చిందో అప్పుడు అది పేజీ మీదకి ఎక్కింది. 2021లో వార్టన్‌లో చేరిన బ్యాచ్‌లో ఆడవాళ్లు 52 శాతం అని ప్రకటించినప్పుడు అది పత్రికల్లో పెద్ద వార్త అయింది.

నల్లజాతి విద్యార్థుల విషయంలోనూ దాదాపు ఇదే కథ. 1966లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ స్టెర్లింగ్ షోన్ చొరవతో కన్సార్షియం అనే సంస్థ పుట్టింది. నల్లజాతి యువకులకి ఫెలోషిప్ ఇచ్చి బిజినెస్ స్కూళ్లలో చేర్పించడం దాని పని. 1968లో హార్వర్డ్‌లో నల్లజాతి విద్యార్థులే సంఘం పెట్టుకుని, మావాళ్లని ఇంకా చేర్చుకోండి అని స్కూలు మీద ఒత్తిడి తెచ్చారు. అంటే ఈ శాతాలు స్కూళ్లు దయతలచి రాసినవి కావు. బయట ఉండిపోయినవాళ్లు "మమ్మల్ని లెక్కపెట్టండి" అని అడిగితే వచ్చినవి. 2023లో అమెరికా సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని చూడకూడదని తీర్పు ఇచ్చింది. కాబట్టి ఈ గడిని చదివేటప్పుడు అది 2023కి ముందు బ్యాచ్‌దా, తర్వాత బ్యాచ్‌దా అని చూడాలి.

సరే, మరి ఈ అంకెలన్నీ పోటీ సరుకు ఎప్పుడయ్యాయి? 1988లో. ఆ ఏడాది బిజినెస్‌వీక్ పత్రిక బిజినెస్ స్కూళ్లకి ర్యాంకులు ఇచ్చింది. అందరూ హార్వర్డో స్టాన్‌ఫర్డో మొదట ఉంటుందనుకుంటే, షికాగో పక్కనున్న కెలాగ్ మొదటి స్థానంలో వచ్చింది. స్కూళ్లు ఉలిక్కిపడ్డాయి. ఆ తర్వాత యూఎస్ న్యూస్ ఏటా ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. 1999లో లండన్ నుంచి ఫైనాన్షియల్ టైమ్స్ కూడా రంగంలోకి దిగింది. వీటిలో యూఎస్ న్యూస్ పద్ధతి మనకి ముఖ్యం. ఎందుకంటే చేరిన విద్యార్థుల సగటు పరీక్ష స్కోరుకి వాళ్లు ర్యాంకులో నేరుగా మార్కులు వేస్తారు. ఒక్కసారి ఆలోచించండి. సగటు రెండు పాయింట్లు పెరిగితే ర్యాంకు పైకి వెళ్తుంది, ర్యాంకు పైకి వెళ్తే దరఖాస్తులు పెరుగుతాయి, దరఖాస్తులు పెరిగితే ఇంకా ఎక్కువ స్కోరు ఉన్నవాళ్లని ఏరుకోవచ్చు. ప్రపంచం మొత్తంలో జీమ్యాట్ రాసినవాళ్ల సగటు 550, 560 దరిదాపుల్లో తిరుగుతుంటే పెద్ద స్కూళ్ల సగటు 730 దాటిందంటే ఈ చక్రం వల్లే.

పందెం ఉన్నచోట మోసం కూడా ఉంటుంది కదండీ. న్యూ ఆర్లీన్స్‌లోని టులేన్ యూనివర్సిటీ బిజినెస్ స్కూలు కొన్నేళ్లపాటు సగటు జీమ్యాట్‌ని ఏటా సుమారు 35 పాయింట్లు పెంచి చెప్పిందని యూనివర్సిటీయే బయటపెట్టింది. ఇంకా పెద్దది ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీ కథ. వాళ్ల ఫాక్స్ స్కూల్ ఆన్‌లైన్ ఎంబీఏ నాలుగేళ్లు వరసగా యూఎస్ న్యూస్‌లో మొదటి స్థానం. తీరా చూస్తే, చేరిన 255 మందీ జీమ్యాట్ స్కోరు ఇచ్చారని రాశారు, నిజంగా ఇచ్చింది 50 మంది. ఎందుకు అలా రాశారంటే, అప్పట్లో ముప్పావు వంతు కంటే తక్కువమంది స్కోరు ఇస్తే ర్యాంకింగ్‌లో ఆ గడికి మార్కులు తగ్గించేవారు. 2018లో ఇది బయటపడింది. అప్పటి డీన్ మోషే పోరాట్‌ని కోర్టు దోషిగా తేల్చి 2022లో 14 నెలల జైలు, రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఒక బిజినెస్ స్కూల్ డీన్ జైలుకి వెళ్లాల్సి వచ్చింది, అదీ క్లాస్ ప్రొఫైల్‌లో ఉండే అంకెల కోసం.

అన్ని స్కూళ్లూ అబద్ధం చెప్తాయని నేను అనడం లేదు. చాలా మటుకు స్కూళ్లు రాసేది నిజమే. కాకపోతే నిజంలోనే ఏది చూపించాలో, ఎలా చూపించాలో ఎంచుకుంటాయి. టెంపుల్ కథలో మనకి కావాల్సిన పాఠం అదే. సగటు ఎంత అని చూడటానికి ముందు, ఆ సగటు ఎంతమంది స్కోర్ల మీద తీసింది అని చూడాలి. ఇప్పుడు చాలా స్కూళ్లు జీఆర్ఈ కూడా తీసుకుంటున్నాయి, హార్వర్డ్ 2009లోనే దానికి తలుపు తెరిచింది. కొన్ని స్కూళ్లు కొందరికి పరీక్షే మినహాయిస్తున్నాయి. అలాంటప్పుడు జీమ్యాట్ సగటు అనేది క్లాసు సగటు కాదు, జీమ్యాట్ స్కోరు ఇచ్చినవాళ్ల సగటు. మంచి స్కోరు వచ్చినవాళ్లే కదా స్కోరు ఇస్తారు!

ఇంకో చిక్కు. 2023 చివర్లో జీమ్యాట్ కొత్త రూపంలో వచ్చింది. పాత స్కోరు 200 నుంచి 800 దాకా, కొత్తది 205 నుంచి 805 దాకా. చూడటానికి ఒకేలా ఉన్నా ఒకటి కావు. కొత్తదాంట్లో 645 వస్తే పాతదాంట్లో సుమారు 700తో సమానం. ఇది తెలియక కొత్త పరీక్షలో 655 వచ్చినవాళ్లు పాత పేజీల్లో 730 చూసి బెంగపెట్టుకుంటున్నారు. అక్కర్లేదు.

క్లాసు సైజు కూడా ఓ చరిత్ర చెప్తుంది. హార్వర్డ్‌లో మామూలుగా 930, 940 మంది చేరతారు. 2020లో కోవిడ్ వచ్చింది. సీటు వచ్చినవాళ్లలో చాలామంది వాయిదా వేసుకున్నారు. ఆ ఏడాది చేరింది 732 మందే. మరుసటి ఏడాది 1,010 మంది చేరారు. ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని ఏమీ తెలియకుండా చూస్తే ఏమనుకుంటాం? స్కూలు బాగా పెద్దదైంది, ఈసారి సీట్లు ఎక్కువ అనుకుంటాం. నిజానికి ఆ పెరిగిన సీట్లలో చాలా వాటికి ఏడాది ముందే మనుషులు ఉన్నారు.

మన దేశం సంగతి చూద్దాం. హైదరాబాద్ గచ్చిబౌలిలో ఐఎస్‌బీ 2001లో క్లాసులు మొదలుపెట్టింది, కెలాగ్, వార్టన్ స్కూళ్లతో కలిసి. జీమ్యాట్, అనుభవం, క్లాస్ ప్రొఫైల్, ఈ పద్ధతులన్నీ తెలుగు కుర్రాళ్లకి ఇంటి పక్కకి వచ్చింది అప్పుడే. ఐఐఎంల దారి వేరు. అక్కడ క్యాట్ ఉంది, పదో తరగతి మార్కులకి ఇంత, ఇంటర్‌కి ఇంత, అనుభవానికి ఇంత అని లెక్క ముందే ప్రకటిస్తారు. అయితే ఏళ్లతరబడి బ్యాచ్‌లు దాదాపు అందరూ ఇంజనీర్లే, అందులోనూ అబ్బాయిలే అయిపోయారు. దాన్ని మార్చాలని ఆడపిల్లలకి, ఇంజనీరింగ్ కాని డిగ్రీలకి అదనపు మార్కులు ఇవ్వడం మొదలుపెట్టారు. 2013లో కోళికోడ్ ఐఐఎంలో చేరిన బ్యాచ్‌లో ఆడపిల్లలు 54 శాతం. ఇక్కడ గమనించండి, ఐఐఎంల లెక్క కాగితం మీద ఉంది. దానితో గొడవపడొచ్చు, కానీ చదవొచ్చు. అమెరికా స్కూళ్ల లెక్క మాత్రం కాగితం మీద లేదు. ఫలితం మాత్రమే పేజీ మీద కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ ఫలితంలోంచి మన లెక్క ఎలా తీసుకోవాలో చూద్దాం. నేను ఊహించి చెప్పే అంకెలు ఇవి, అర్థం కావడానికి. ఒక క్లాసులో 400 మంది ఉన్నారు, విదేశీయులు 35 శాతం, అంటే 140 మంది. ఆ 140లో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లనీ, రెండు పౌరసత్వాలు ఉన్నవాళ్లనీ కలిపే స్కూళ్లున్నాయి, కింద సన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. వాళ్లని తీసేస్తే ఓ 120 అనుకుందాం. భారతీయులు 40 అనుకుందాం. అందులో ఆడపిల్లలు, సొంత వ్యాపారం ఉన్న ఇళ్లనుంచి వచ్చినవాళ్లు, కన్సల్టింగ్, బ్యాంకింగ్, ఆర్మీ, స్వచ్ఛంద సంస్థలు, వీళ్లందరూ పోతే, బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగేళ్లు పనిచేసిన అబ్బాయిలకి మిగిలేది ఏ ఎనిమిదో పదో. ఆ పదికోసం దరఖాస్తు పెట్టేవాళ్లు ఎంతమంది? ఆ అంకె పేజీ మీద ఉండదు. పేజీ మీద ఉన్నది లోపలికి వెళ్లినవాళ్ల లెక్క. బయట ఉండిపోయినవాళ్ల లెక్క ఎక్కడా ఉండదు.

కాబట్టి 740 మీడియన్ అంటే ఏమిటి? క్లాసులో సగం మందికి అంతో, అంతకంటే తక్కువో వచ్చిందని. ఆ సగంలో ఎవరున్నారు? యుద్ధనౌక మీద పనిచేసిన అధికారి ఉండొచ్చు, చిన్న దేశం నుంచి వచ్చిన ఒకే ఒక్క మనిషి ఉండొచ్చు. మన గుంపులో 740 దాదాపు అందరి దగ్గరా ఉంటుంది. దానివల్ల మిమ్మల్ని పక్కన పెట్టరు, దానివల్లే తీసుకోరు కూడా. అలాగే స్కోర్ల రేంజ్‌లో అడుగున 600 కంటే తక్కువ కనిపిస్తే, అది నాకూ ఓ ఆశ అనుకోకండి. ఆ మనిషి స్కోరు కాకుండా ఇంకేదో చూపించి వెళ్లాడు. మీ దగ్గర ఆ ఇంకేదో ఉందా అన్నది మీ ప్రశ్న.

జీపీఏ విషయంలో మాత్రం అనవసరంగా భయపడకండి. 3.7 అని రాసి ఉంటే, చాలా స్కూళ్లలో అది నాలుగు పాయింట్ల పద్ధతిలో చదివినవాళ్ల సగటు మాత్రమే. మీ జేఎన్‌టీయూ 72 శాతాన్ని ఏ వెబ్‌సైట్‌లోనో నాలుగులోకి మార్చుకుని, 2.9 వచ్చిందని ఏడవక్కర్లేదు. మీ కాలేజీలో మీరు ఎన్నో స్థానంలో ఉన్నారో చెప్పండి, అది ఎక్కువ పనికొస్తుంది.

ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, ఇది సరదా విషయం కాదండి. పెద్ద స్కూల్లో రెండేళ్లకి రెండు లక్షల డాలర్ల పైమాటే ఖర్చు. మన రూపాయల్లో కోటిన్నర దాటుతుంది. చాలా ఇళ్లలో నాన్నగారు ఇంటి కాగితాలు బ్యాంకులో పెడితేగానీ ఆ అప్పు పుట్టదు. ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు క్లాస్ ప్రొఫైల్ ఒక్కటీ చూసి తీసుకోకూడదు. పక్కనే ఎంప్లాయ్‌మెంట్ రిపోర్టు ఉంటుంది, ఎవరికి ఏ ఉద్యోగం వచ్చిందని. అందులో వీసా అవసరమైనవాళ్లకి విడిగా లెక్క ఇచ్చారా చూడండి. ఇవ్వకపోతే స్కూలుకి మెయిల్ పెట్టి అడగండి. ఆడవాళ్ల లెక్క, నల్లజాతివాళ్ల లెక్క పేజీ మీదకి అడిగితేనే వచ్చాయని ఇందాక చూశాం కదా. విదేశీ విద్యార్థుల ఉద్యోగాల లెక్క కూడా మనం అడిగితేనే వస్తుంది.

ఒక పని చేయండి. మీకు నచ్చిన స్కూలుది ఒక్క ఏడాది పేజీ కాకుండా ఐదేళ్ల పేజీలు దగ్గర పెట్టుకోండి. ఏ అంకె పెరిగింది, ఏ గడి కొత్తగా వచ్చింది, ఏ గడి చెప్పాపెట్టకుండా మాయమైంది అని చూడండి. మాయమైన గడి దగ్గర ఎక్కువసేపు ఆగండి. స్కూలు ఎటు వెళ్దామనుకుంటోందో దాన్నిబట్టి తెలుస్తుంది, అక్కడ మీకు చోటుందో లేదో కూడా కొంత తెలుస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఎంప్లాయ్‌మెంట్ రిపోర్టు తీసుకుందాం, జీతాల సగటు వెనక ఉన్న సంగతులు మాట్లాడుకుందాం. ఉంటానండి, నమస్కారం.